చప్పుడు లేని పెట్టె

మా ఇంట్లో ఇద్దరు మనుషులు నాలుగేళ్లుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. అందుకని నేను కంప్యూటరు కొన్నాను.

ఈ రెండింటికీ సంబంధం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. నాకైతే అప్పట్లో రాలేదు. ఇంట్లో ఏదైనా తేడా వస్తే మనుషులను కూర్చోబెట్టి అడగడం ఒక పద్ధతి. బజారుకు పోయి ఏదో ఒక వస్తువు కొనుక్కొచ్చి మధ్యలో పెట్టడం ఇంకో పద్ధతి. నేను ఆదోనిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. రెండో పద్ధతే నాకు ఎక్కువ శాస్త్రీయంగా తోచింది.

ఆ ఇద్దరిలో ఒకరు మా నాయన, ఇంకొకరు మా ఆవిడ. నాయన ఎమ్మిగనూరులో యాభై ఏళ్లు గుంట మగ్గం మీద చీరలు నేసిన మనిషి. అమ్మ పోయిన ఏడాదే ఆయన మోకాళ్లు కూడా పోయాయి. మగ్గం గుంటలోంచి పైకి లేవాలంటే ఇద్దరు రెక్కలు పట్టుకోవాల్సి వచ్చేది. ఇంక నేసింది చాలు, మాతో వచ్చి ఉండండి అని మొదట అన్నది మా ఆవిడే. ఆ మాట మీద నాయన మగ్గాన్ని చిన్నాయనకు అప్పగించి ఆదోనికి వచ్చేశాడు. వచ్చిన రోజు నుంచి ఆమె ఏమడిగినా సగం సార్లు జవాబు లేదు. మిగిలిన సగం సార్లు అడిగిందానికి సంబంధం లేని జవాబు.

మా ఆవిడది కౌతాళం. ఆమె కూడా పంతులమ్మే. అరవై మంది పిల్లల ముందు నిలబడి గొంతెత్తిందంటే పక్క గదిలో పాఠం ఆగిపోతుందని బడిలో పేరు. అలాంటి మనిషి ఇంట్లో మామ ఎదురైతే చాలు, కొంగు భుజాల చుట్టూ లాక్కుని, మొహం పక్కకు తిప్పుకుని, గోడకు పాఠం చెబుతున్నట్టు సన్నగా మాట్లాడుతుంది. వాళ్ల వైపు కోడళ్లు మామ మొహంలోకి చూసి మాట్లాడరు. వాళ్ల అమ్మ అలాగే బతికింది, అవ్వ అలాగే బతికింది. నాయన అన్నానికి కూర్చుంటే ఈమె వంటింటి తలుపు వెనక నిలబడి ఏం కావాలో అడుగుతుంది. ఆయన అన్నం కలుపుకుంటూ ఉంటాడు. ఆమె మళ్లీ అడుగుతుంది. ఆయన ఇంకో ముద్ద పెట్టుకుంటాడు. చివరికి ఆమె తనకు తోచింది తెచ్చి కంచంలో వేసి, మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోతుంది.

తర్వాత ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికి వస్తారు. మగ్గం నేనే మాన్పించానని మీ నాయన మనసులో పెట్టుకున్నాడు, నన్ను మనిషిగా కూడా లెక్క చేయడు అని ఆమె. ఈ ఇంట్లో నన్ను పలకరించేవాళ్లే లేరు, ముద్ద పడేసి పోతారు అని ఆయన. నేను ఇద్దరికీ ఒకటే చెప్పేవాణ్ణి, సర్దుకుపోవాలి అని. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావులు. పూచికపుల్ల కూడా కదిలించకుండా పెద్దమనిషి అనిపించుకోవడానికి ఇంత మంచి మాట ఇంకొకటి లేదు.

ఉగాది అయిన వారానికి నాయన తన నిర్ణయం ప్రకటించాడు. దసరా దాకా ఉండి ఎమ్మిగనూరు వెళ్లిపోతాడట. చిన్నాయన షెడ్డులో నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. నేతలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టుకుంటూ ఆ షెడ్డులోనే ఒక మూల పడుంటాడట. ఆ రోజు మా ఆవిడ అన్నం తినలేదు. మామను కోడలు ఇంట్లోంచి తోలేసిందని రెండు ఊళ్లూ అనుకుంటాయని ఆమె బాధ. అది నిజమే, అనుకుంటాయి. నా బాధ వేరు. అమ్మను ఎలాగూ చూసుకోలేకపోయాను. ఈయనను కూడా మూలకు పంపేస్తే ఇక నేను కొడుకునని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి ఆయన ముందు కూర్చుని చెప్పాల్సింది. చెప్పకుండా కంప్యూటర్ల గురించి చదవడం మొదలుపెట్టాను.

కంప్యూటరే ఎందుకంటే, మేము ముగ్గురం ఒక్కచోట కూర్చునేది ఆదివారం సినిమాకు మాత్రమే. హాల్లో పెద్ద టీవీ ఉంది. దానికి కాలేజీ లేబులో పారేయబోతుంటే తెచ్చుకున్న పాత కంప్యూటరు తగిలించి, నాయనకు ఇష్టమైన పాత సినిమాలు వేసేవాణ్ణి. నాయన టీవీకి నాలుగడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకునేవాడు. నేను దివాన్ మీద, మా ఆవిడ వంటింటి గడప మీద. ఆ పెట్టెలో నాలుగు ఫ్యాన్లు ఉండేవి. మా వీధి చివర జిన్నింగు మిల్లు ఉంది. పత్తి కాలంలో గాలిలో తేలే దూదంతా మా కిటికీల గుండా వచ్చి ఆ ఫ్యాన్లలోనే కాపురం పెట్టేది. ఆన్ చేయగానే పెట్టె దగ్గి, మూలిగి, ఆ తర్వాత సినిమా అయ్యేదాకా రొద పెట్టేది.

ఒక ఆదివారం సినిమా మధ్యలో నాయన లేచి, ఈ పెట్టె మోతకు మాటలు ఒక్కటీ వినపడడం లేదని చెప్పి వరండాలోకి వెళ్లిపోయాడు. నాకు జ్ఞానోదయం అయింది. పెట్టె మోత పోతే నాయన సినిమా చూస్తాడు. సినిమా చూస్తే ముగ్గురం కలిసి కూర్చుంటాం. కలిసి కూర్చుంటే ఆ ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటే ఆయన ఎమ్మిగనూరు పోడు. ఇంత తేలిక లెక్కను ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

నాకు కావాల్సింది ఏమిటంటే, బలమైన కంప్యూటరు, కానీ చప్పుడు చేయనిది. ఈ రెండూ ఒకదానికొకటి పగ. బలం పెరిగితే వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే ఫ్యాను గట్టిగా తిరగాలి. ఫ్యాను గట్టిగా తిరిగితే మళ్లీ మోత. బోర్డు మీద బొమ్మ గీసి పావుగంటలో చెప్పగలిగిన ఈ ముక్క అర్థం చేసుకోవడానికి నేను రెండు నెలలు ఇంటర్నెట్‌లో పడి కొట్టుకున్నాను. అక్కడ నాలాంటి వాళ్లు లోకమంతా ఉన్నారు. చప్పుడు లేని పెట్టె కోసం ఉద్యోగాలు, సంసారాలు పక్కన పెట్టినవాళ్లు. ఒకాయన తన కంప్యూటర్ను గోడ అవతల పెట్టి, గోడకు బెజ్జం వేసి తీగలు లాగానని గర్వంగా రాసుకున్నాడు. వాళ్లంతా చల్లటి దేశాల వాళ్లు. ఏప్రిల్లో మా హాల్లో స్టీలు గ్లాసు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుందని వాళ్లకేం తెలుసు.

చప్పుడును కొలవాలి కదా అని ఫోనులో డెసిబెల్ మీటరు వేసుకున్నాను. టీవీ ముందు నిలబడి, పెట్టె ఆన్ చేసి ఒకసారి, ఆపేసి ఒకసారి కొలిచాను. అంకె పెద్దగా మారలేదు. పైన సీలింగ్ ఫ్యాను, పక్కింటి మిక్సీ, వీధిలో ఆటో, మా కుక్కరు విజిలు, అన్నీ కలిసి ఆ పెట్టె మోతను ఎప్పుడో మింగేశాయి. బుర్ర ఉన్న ఫిజిక్సు పంతులు అక్కడితో ఆగి ఆలోచించేవాడు. నేను ఫోను మైకు పాడైందని తేల్చాను.

బస్టాండు దగ్గర కంప్యూటర్ల అంగడికి వెళ్లి నాకు కావాల్సింది చెప్పాను. అంగడాయన ఇరవై ఏళ్లుగా ఆదోనిలో ఇదే వ్యాపారం చేస్తున్న మనిషి. నేను చెప్పిందంతా ఓపికగా విని, ఒక అద్దాల పెట్టె చూపించాడు. దాని నిండా రంగురంగుల లైట్లు, ముందు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి. గణపతి మంటపంలో పెడితే జనం దండం పెట్టుకుని పోతారు. నాకు లైట్లు వద్దు, చప్పుడు లేకుంటే చాలు అన్నాను.

"ఈడ ఎవురూ అట్ల అడగరు సార్," అన్నాడాయన. "లైట్లు ఉండేదే అడుగుతారు. సప్పుడు లేకుంటే ఆన్ అయిందో లేదో యెట్ల తెలుస్తాది?"

చదువు లేని మాటలు అని నవ్వుకుని బయటికి వచ్చాను. ఆయన అడిగిన ప్రశ్న ఎంత మంచిదో నాకు దసరా తర్వాత గానీ తెలియలేదు.

సామాన్లన్నీ ఒక్కొక్కటిగా తెప్పించుకున్నాను. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగితే, చిన్న ఫ్యాను వేగంగా తిరిగిన దానికంటే చప్పుడు తక్కువని చదివి, అరచెయ్యి కంటే పెద్ద ఫ్యాన్లు రెండు తెప్పించాను. గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కు బదులు కదలిక అన్నదే లేని కొత్త రకం డిస్కు. ప్రాసెసర్ మీద కూర్చుని వేడిని లాగే అల్యూమినియం రెక్కల దిమ్మె ఒకటి, మా ఇడ్లీ కుక్కరంత. వీటన్నిటి మీదా ఒక బలమైన గ్రాఫిక్స్ కార్డు. అది ఎందుకని మా ఆవిడ అడిగింది. బొమ్మ ఎంతో నిఖార్సుగా కనిపిస్తుందని చెప్పాను. నాయన చూసేవి గీతలు పడిన నలుపు తెలుపు సినిమాలు. ఇప్పుడు ఆ గీతలు ఎంతో నిఖార్సుగా కనిపిస్తాయి.

పెట్టె బిగించే రోజు ఆ రెక్కల దిమ్మె వేలెడంత ఎత్తు ఎక్కువైంది. మూత పడలేదు. కొలతలు చూడకుండా కొన్నది ఎవరంటే, ఏటా పిల్లలకు మొదటి పాఠంగా కొలతలు చెప్పే పెద్దమనిషి. వెల్డింగు షాపుకు తీసుకుపోయి మూతకు చదరంగా కన్నం పెట్టించాను. దిమ్మె అందులోంచి పైకి తొంగి చూసేది. ఫ్యాన్ల అదురు పెట్టెకు తగలకుండా పాత సైకిలు ట్యూబును ముక్కలుగా కోసి వాషర్లు చేశాను. నా మొత్తం పరిశోధనలో సరిగ్గా పనిచేసింది ఆ సైకిలు ట్యూబు ఒక్కటే.

వినాయక చవితి తర్వాతి ఆదివారం అంతా సిద్ధమైంది. ఆన్ చేశాను. నిజంగానే ఏ చప్పుడూ లేదు. చెవి ఆనించి విన్నాను, లేదు. మా ఆవిడ గడప మీద నుంచి, ఇది పనిచేస్తోందా అని అడిగింది. నాకు ఒళ్లు పులకరించింది. నాయనకు సినిమా పెట్టి, ఆయన మొహం వంక చూస్తూ కూర్చున్నాను. పావుగంట అయ్యాక ఆయన తల అడ్డంగా ఊపాడు. మోత ఇంకా ఉందన్నాడు.

ఇక్కడ మామూలు మనిషి ఎవడైనా అనుమానపడతాడు. నేను గర్వపడ్డాను. కరెంటు సామానుల్లో కొన్ని, చాలా కొద్దిమందికి మాత్రమే వినపడే సన్నటి కీచు చేస్తాయని అంతకు ముందే చదివి ఉన్నాను. యాభై ఏళ్లు మగ్గం ముందు కూర్చున్న చెవి. పోగు తెగితే చూడకుండానే చెప్పగల చెవి. మా నాయన చెవి అంత సూక్ష్మమైనదని కాలేజీ స్టాఫ్ రూములో రెండు రోజులు చెప్పుకున్నాను. వాళ్లు కూడా ముక్కున వేలేసుకున్నారు.

ఆ కీచు పోవాలని కరెంటు అందించే డబ్బాను మార్చాను. తర్వాతి ఆదివారం మోత ఇంకా ఉందన్నాడు. గ్రాఫిక్స్ కార్డు పీకేశాను. మోత తగ్గింది కానీ పోలేదన్నాడు. రెండు ఫ్యాన్లలో ఒకటి తీసేశాను, ఆ మరుసటి వారం రెండోదీ తీసేశాను. ఇప్పుడు ఆ పెట్టెలో కదిలే వస్తువన్నది లేదు. వేడికి భయపడి దానంతట అదే గంటకోసారి ఆగిపోయేది. బలమైన కంప్యూటరు అన్న మాటను అలా ఒక్కొక్క స్క్రూ విప్పి చంపేశాను. ఇంకా ఏం తీయాలా అని నేను స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ, ఇంట్లో తీసేయడానికి ఇంక మీ బుద్ధి ఒక్కటే మిగిలింది అంది.

మధ్యలో ఒకసారి నాయనకు మార్పుగా ఉంటుందని వేరే భాషలోంచి డబ్బింగ్ చేసిన సినిమా పెట్టాను. పది నిమిషాలకే విసుక్కున్నాడు. వీళ్ల నోళ్లకూ కథకూ పొత్తు లేదు, ఇలాంటివి పెట్టొద్దు అన్నాడు. మా నాయనకు సినిమా మీద ఎంత పట్టు ఉందో అని దాన్ని కూడా స్టాఫ్ రూములో చెప్పుకున్నాను.

దసరా రానే వచ్చింది. మా కాలేజీ లెక్కల మాస్టారు దేవరగట్టు కర్రల సమరానికి వెళ్లి తలకు కట్టుతో తిరిగొచ్చాడు. ఆయన మొహం నాకంటే కళకళలాడుతోంది. నాయన సంచి సర్దుకుని గోడ మేకుకు తగిలించాడు. రెండు పంచెలు, రెండు చొక్కాలు, అమ్మ ఫొటో. సోమవారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సు ఎక్కుతానన్నాడు. వద్దని మా ఆవిడ వంటింటి తలుపు వెనక నుంచి రెండుసార్లు అంది. ఆయన సంచి తాడు ముడి వేసుకుంటూ ఉన్నాడు. ఆమె ఇంక మూడోసారి అనలేదు.

ఆ ముందురోజు, ఆదివారం పొద్దున పదింటికి నేను ఓటమి ఒప్పుకోకుండా మళ్లీ పెట్టె విప్పాను. హాల్లో నేల మీద పేపర్లు పరిచి, నాయన కుర్చీ వెనక కూర్చుని, సామానంతా చుట్టూ పేర్చుకున్నాను. పాపం ఆయనకు చివరి ఆదివారం సినిమా లేకుండా పోతుందని, సినిమాను పెన్‌డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకి గుచ్చాను. ఆయన ఇదేమీ చూడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని చూస్తున్నాడు. మా ఆవిడ గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

కాసేపటికి నాయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మోత తగ్గనే ల్యాదప్పా. ఈ పెట్టెతో మాట ఒక్కటీ తెలీల్యా నాకు."

పెట్టె నా ఒళ్లో ఉంది. దాని కరెంటు తీగ చుట్ట చుట్టి దివాన్ మీద ఉంది. డిస్కు నా చేతిలో ఉంది.

పెట్టె నా దగ్గరుంది నాయనా, టీవీకి తగిలించలేదు అన్నాను. ఆయన కదల్లేదు. మళ్లీ అన్నాను. టీవీలో కథానాయకుడు ఏదో చెబుతున్నాడు, నాయన అతని నోటి వైపే చూస్తున్నాడు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె ఒకసారి నా ఒళ్లోని పెట్టెను చూసింది, ఒకసారి ఆయన వీపును చూసింది. చేట పక్కన పెట్టి లేచి వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"మామా," అంది, రోజూ తలుపు వెనక నుంచి పిలిచే గొంతుతో.

ఆయన సినిమా చూస్తున్నాడు. కొంచెం గట్టిగా ఇంకోసారి పిలిచింది. లేదు. మూడోసారి బడి గొంతుతో పిలిచింది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. నాయన అప్పుడు తల ఎత్తి, మా వైపు కాదు, కిటికీ వైపు చూశాడు.

"బయట ఎవురో పిలుస్తాండారు, సూడప్పా," అన్నాడు.

నేను లేచి వెళ్లి టీవీ ఆపేశాను. ఖాళీ పెట్టెను తెచ్చి ఆయన ముందు నేల మీద పెట్టాను. ఆయన దాని లోపలికి చూశాడు, వెనక పరిచి ఉన్న సామాను చూశాడు, మా ఇద్దరి మొహాలూ చూశాడు. దొరికిపోయానని ఆయనకు తెలిసింది. తల వంచుకున్నాడు. ఎప్పుడూ అలా తల వంచిన మనిషి కాదు. నాకు చాలా సిగ్గేసింది, ఆయన తరఫున కాదు, నా తరఫున.

ఎప్పటి నుంచి అని, ఎదురుగా కూర్చుని అడిగాను. అమ్మ ఉన్నప్పటి నుంచే అన్నాడు. అమ్మ ఎప్పుడూ ఆయనకు ఎదురుగానే కూర్చునేది. ఇంట్లో ఎవరేం మాట్లాడినా దాన్ని ఆయన వైపు తిరిగి ఇంకోసారి అనేది. చెప్పిందే చెబుతుందని, వయసుతో చాదస్తం ముదిరిందని చుట్టాలంతా ఆమెను ఆటపట్టించేవాళ్లు. ఆ ఆటపట్టించిన వాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. ఆమె ఆయన చెవుల పని చేస్తోందని మాలో ఒక్కడికీ తట్టలేదు, ఆమె కూడా చెప్పకుండానే పోయింది.

అప్పుడు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఫోను మోగితే నువ్వే మాట్లాడు అని నా చేతిలో పెట్టడం. నాలుగడుగుల దూరంలో కుర్చీ. నోరు ఒకటి, మాట ఒకటి అయిన డబ్బింగ్ సినిమా మీద ఆ కోపం. నేను ఆయన ఎదురుగా నిలబడి మాట్లాడతాను కాబట్టి నాతో ఏ ఇబ్బందీ లేదు. గోడకు చెప్పే మనిషితోనే వచ్చింది చిక్కంతా. ఏటా పిల్లలకు ధ్వని అధ్యాయం చెబుతూ, చప్పుడు చెవి దాకా ఎలా వస్తుందో రాయమని అడిగి మార్కులు కోసే నేను, చప్పుడు చేసే పెట్టెను విప్పానే తప్ప, వినే మనిషి వైపు ఒక్కసారి చూడలేదు.

మరి చెప్పచ్చు కదా నాయనా అన్నాను.

"సెవుడని తెలిస్తే మొదట అందురూ అరుస్తారప్పా. అరిసి అరిసి యాష్టకొచ్చి, వీనికి సెప్పేదేముందిలే అని మాట్లాడేదే మానుకుంటారు. అందుకే పెట్టె మీదికి తోస్తి." మళ్లీ తనే, "మగ్గాల కాడ ఆ బాధ ల్యాదు. ఆ సప్పుట్లో ఎవుని మాటా ఎవునికీ ఇనపడదు. ఒకరి నోరు ఒకరం సూసుకోని మాట్లాడుకుంటాము. ఆడ అందురమూ సెవిటోళ్లమే," అన్నాడు.

ఎమ్మిగనూరు ఎందుకు పోతానన్నాడో అప్పుడు అర్థమైంది. కోడలి మీద కోపం కాదు, మగ్గం మీద మమకారం కూడా కాదు. తనతో అందరూ మొహం చూసి మాట్లాడే చోటికి పోతున్నాడు.

మా ఆవిడ నిలబడ్డ చోటనే నిలబడి ఉంది. నాలుగేళ్లు. పొద్దున కాఫీ నుంచి సాయంత్రం మాత్రల దాకా తను అడిగినవన్నీ, గట్టిగా అంటే ఎక్కడ అమర్యాద అవుతుందోనని గొంతు తగ్గించి, మొహం తిప్పుకుని, ఆ గోడకు అప్పజెప్పింది. ఆయన పలకలేదని ప్రతిసారీ మనసు కష్టపెట్టుకుంది. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఎప్పుడూ అనే సర్దుకుపోవాలి అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అలాంటప్పుడు మనిషి చేయాల్సిన పనులు చాలా ఉంటాయి. నేను ఫోను తీసి, చెవి మిషన్లలో ఏది మంచిదో వెతకడం మొదలుపెట్టాను. రెండు రకాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తున్నాను కూడా. మా ఆవిడ వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టింది. డాక్టరు దగ్గరికి తర్వాత పోదాం, ముందు అన్నం వేళయింది అంది.

నేను హాల్లో పేపర్లన్నీ ఎత్తేసి, పెట్టెను, దాని రెక్కల దిమ్మెను దివాన్ కిందికి నెట్టాను. గోడకు ఆయన సంచి అలాగే వేలాడుతోంది. మర్నాటి బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. నాయన కాళ్లు కడుక్కుని వచ్చి ఎప్పటిలాగే తన కుర్చీలో కూర్చున్నాడు. మా ఆవిడ ఆయన ముందు స్టూలు వేసి కంచం పెట్టి, అన్నం, పప్పు, ఉల్లిగడ్డ కారం వడ్డించింది.

వడ్డించి వంటింట్లోకి పోలేదు. ఇంకో పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది, మళ్లీ కిందికి దింపుకుంది. మెడ దాకా ఎర్రబడింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె మా నాయన మొహాన్ని నేరుగా చూడడం నేను చూసింది అదే మొదటిసారి. ఆయన కూడా ముద్ద కలపడం ఆపి ఆమెను చూశాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నా అవసరం అక్కడ ఏమీ లేదు.

ఆమె ఒక్కొక్క మాటే విడదీసి, పెదాలు బాగా కదిపి, అరవకుండా అడిగింది.

"పప్పులో ఉప్పు సరిపోయిందా మామా?"

ఆయన ఆ పెదాల వంక చూస్తూ, ప్రశ్న ముగిసేదాకా ఆగాడు.

"సాలదమ్మా," అన్నాడు. "నాలుగేండ్ల నుంచీ సాలదు. రేపట్నుంచి ఇంకొంచెం ఎయ్యి."